పిల్లల్ని గౌరవంగా పెంచడం ఎలా: మన గొంతు దగ్గర మొదలుపెడదాం

మా పాపకి ఆరేళ్ళప్పుడు ఒక సాయంత్రం పక్క గదిలోంచి నా గొంతు నాకే వినిపించింది. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు? చెవులున్నాయా లేవా?" మాట నాది, ఆ విరుపు నాది, చివర్లో విసుగ్గా వదిలిన ఊపిరి కూడా నాదే. అంటున్నది మాత్రం మా పాప. ఎదురుగా బిక్కమొహం వేసుకుని నిలబడింది మూడేళ్ళ తమ్ముడు.

ఇంట్లో బలం ఉన్నవాళ్ళు బలం లేనివాళ్ళతో ఎలా మాట్లాడతారో పిల్లలు రోజంతా చూస్తుంటారు. తమకంటే చిన్నవాళ్ళు ఎదురైనప్పుడు అలాగే మాట్లాడతారు. తమకంటే పెద్దవాళ్ళు ఎదురైనప్పుడు, ఇంట్లో ఎలా ముడుచుకుపోయారో అక్కడా అలాగే ముడుచుకుపోతారు. దయ, ధైర్యం రెండూ ఒక్కచోటే పుడతాయని నాకు అప్పటి నుంచి గట్టి నమ్మకం. మనకి పిల్లల మీద ఉన్న బలాన్ని మనం ఎలా వాడుతున్నామన్న దగ్గరే అవి పుడతాయి.

1961లో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు నర్సరీ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. ఒక పెద్ద మనిషి గాలి నింపిన బొమ్మని కొట్టడం, తిట్టడం పిల్లలకు చూపించారు. తర్వాత పిల్లల్ని అలాంటి బొమ్మ దగ్గర వదిలితే అవే దెబ్బలు కొట్టారు, అవే మాటలు అన్నారు. కొట్టమని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

కింద రాసినవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. వారానికి ఒకటి చాలు.

మొదటి పని: మూడు రోజులు మీ మాట మీరు వినండి

ఈ మూడు రోజులూ ఏమీ మార్చొద్దు. రాత్రి పిల్లలు పడుకున్నాక, ఆ రోజు వాళ్ళతో అన్న మాటల్లో గుర్తున్నవి పదో పన్నెండో ఒక కాగితం మీద రాయండి. అందంగా దిద్దకుండా, అన్నది అన్నట్టే రాయాలి. తర్వాత ఒక్కో మాట పక్కన అదేమిటో గుర్తు పెట్టండి. ఆజ్ఞా? బెదిరింపా? ప్రశ్నలా కనిపించే తిట్టా? ("బుద్ధుందా?" అన్నది జవాబు కోసం అడిగే ప్రశ్న కాదు కదా.) పక్కింటి పిల్లతో పోలికా? మొద్దు, పిరికి, ఏడుపుగొట్టు అని పేరు పెట్టడమా? లేక మామూలు కబురా?

నేను రాసుకున్న కాగితంలో మామూలు కబుర్లు రెండే ఉన్నాయి. మిగతావన్నీ లే, తిను, తియ్యి, పెట్టు, రా, పడుకో. రోజంతా అలాంటి మాటలే వింటే నాకెలా ఉంటుందో ఊహించుకున్నాను. చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఏ టైమ్‌లో అన్నారో కూడా రాయండి. చాలా ఇళ్ళల్లో అరుపులన్నీ రెండు చోట్లే ఉంటాయి: ఉదయం బడికి బయలుదేరే ముందు, రాత్రి పడుకునే ముందు. మీ ఇంట్లోనూ అంతే అయితే ముందు సర్దాల్సింది ఆ అరగంటని. బ్యాగు, బట్టలు, సాక్సులు రాత్రే తీసి పెట్టేయండి. మీరు పావుగంట ముందు లేవండి. సగం గొడవలకి కారణం పిల్లల మొండితనం అనుకుంటాం. తొందరలో ఉన్న మన టెన్షనే అసలు కారణం.

రెండో పని: వాక్యం మార్చండి

పక్క గదిలోంచి అరవడం మానేయండి. ఇది ఒక్కటి చేసినా ఇల్లు మారుతుంది. లేచి వెళ్ళండి, వాళ్ళ కళ్ళ ఎత్తుకి కూర్చోండి, పేరు పెట్టి పిలవండి, వాళ్ళు తలెత్తి చూసేదాకా ఆగండి. అప్పుడు ఒకే ఒక్క వాక్యం చెప్పండి. ఆటలో మునిగిన పిల్లలకి మన మాట నిజంగానే చెవికెక్కదు. అది పొగరు అనుకుని మనం గొంతు పెంచుతాం.

తిట్టు ఉన్నచోట కనబడుతున్నది చెప్పండి. "చెప్పులు ఎక్కడపడితే అక్కడ పడేస్తావేంటి, ఎవరు తియ్యాలి?" అనే బదులు "చెప్పులు దారికి అడ్డంగా ఉన్నాయి" అనండి. అని ఊరుకోండి. ఆ ఊరుకోవడమే కష్టం. పది సెకన్లు ఆగితే పిల్లలు చాలాసార్లు వాళ్ళంతట వాళ్ళే వచ్చి తీస్తారు. మొదటి మాటకి వాళ్ళు ఎదురు తిరగాలి, రెండో మాటకి ఆలోచించాలి.

నిజంగా అడగనిది ప్రశ్నలా అడగకండి. "ఇంటికెళ్దామా?" అంటే పిల్లలు వద్దనే అంటారు. అడిగారు కదా, జవాబు చెప్పారు. వెళ్ళక తప్పదంటే "ఇంకో రెండుసార్లు జారుడుబండ ఎక్కు, తర్వాత బయల్దేరదాం" అని చెప్పండి. చిన్నపిల్లలకి ఐదు నిమిషాలంటే ఎంతో తెలియదు, రెండుసార్లంటే తెలుస్తుంది. వాళ్ళకి వదిలేయగలిగినచోట మాత్రం నిజంగానే వదిలేయండి: "నడిచి వస్తావా, ఎత్తుకోనా?" రెండిట్లో ఏది ఎంచుకున్నా మీకు సమ్మతమే అయి ఉండాలి.

ఇంట్లో దయచేసి, ధన్యవాదాలు అంటే మన భాషలో నాటకం డైలాగులా ఉంటుంది. మనకి వేరే చిన్న మాటలున్నాయి. "ఆ సంచి ఇటివ్వు" అనే చోట "కాస్త ఆ సంచి అందిస్తావా నాన్నా" అనండి. ఆ 'కాస్త'లో, చివరి 'వా'లో ఉన్నదంతా గౌరవమే. పిల్లలు అది పట్టేస్తారు. నెల తిరక్కుండా "కాస్త జరుగుతావా అమ్మా" అని మీతోనే అంటారు.

మూడో పని: మారాం చేసినప్పుడు

దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. గౌరవంగా పెంచాలనుకున్న వాళ్ళలో చాలామంది చేతులెత్తేసేది ఇక్కడే.

ముందు ఒక సంగతి తెలియాలి. కోపాన్ని ఆపుకోవడం, ఆగి ఆలోచించడం, తర్వాత ఏమవుతుందో ఊహించడం లాంటి పనులు చూసే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్ళు దాటాలి. ఇరవై ఐదు దగ్గరదాకా అది ఎదుగుతూనే ఉంటుంది. రెండేళ్ళ పిల్ల నేల మీద పడి దొర్లుతోందంటే మనల్ని సాధించాలని కాదు. ఆపుకునే పనిముట్టు ఆ పిల్లకి ఇంకా చేతికి రాలేదు. ఒకటి నుంచి నాలుగేళ్ళ మధ్య ఇది మామూలు.

ఆకలి, అలసట, నిద్ర ఈ మూడూ ముందు చూడండి. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లలకి పగటి నిద్రతో కలిపి రోజుకి 10 నుంచి 13 గంటల నిద్ర కావాలని, ఆరు నుంచి పన్నెండేళ్ళ వాళ్ళకి 9 నుంచి 12 గంటలు కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతున్నారు. మీ పిల్లల నిద్ర ఒక వారం లెక్క వేయండి. రెండు గంటలు తక్కువ పడుతున్న పిల్లతో ఏ పద్ధతీ పనిచేయదు. ముందు నిద్ర సరిచేయండి.

ఇక ఏడుపు మొదలైంది. దెబ్బ తగిలేవి పక్కకి జరపండి. కింద కూర్చోండి. మీరు ఊపిరి నెమ్మదిగా, పొడుగ్గా వదలండి. ఇది పిల్లల కోసం కంటే మీ కోసం. పెద్ద శరీరం నెమ్మదిస్తేనే చిన్న శరీరం నెమ్మదిస్తుంది. తర్వాత వాళ్ళకి ఏమనిపిస్తోందో తక్కువ మాటల్లో చెప్పండి: "ఇంకా ఆడుకోవాలనుంది. ఆపేశామని కోపం వచ్చింది." అంతే. "కానీ చీకటి పడింది కదా, నిన్న కూడా ఆడావు కదా" అని సాగదీయకండి. ఆ 'కానీ' అనగానే ముందు చెప్పినదంతా కొట్టుకుపోతుంది. ఆ సమయంలో పాఠం చెప్పడం, నీళ్ళలో మునిగిపోతున్నవాడికి ఒడ్డు మీద నిలబడి ఈత నేర్పినట్టు ఉంటుంది.

మనసులో ఉన్నదానికి పేరు పెడితే నిజంగానే ఉధృతి తగ్గుతుంది. మాథ్యూ లీబర్‌మన్ బృందం 2007లో పెద్దవాళ్ళ మెదడు స్కాన్ చేసి, భావాన్ని మాటల్లో పెట్టినప్పుడు భయం, ఆందోళనలకు స్పందించే భాగంలో చలనం తగ్గుతుందని చూపించింది. పెద్దవాళ్ళకే అంత మేలైతే, పిల్లలకి ఆ మాటలు మనం అందించాలి కదా. తెలుగులో వాటికి కొదవ లేదు. కోపం, ఏడుపు అనే రెండు మాటలతో సరిపెట్టకండి. ఓడిపోయినప్పుడు వచ్చేది ఉక్రోషం. అమ్మ ఊరెళితే వచ్చేది బెంగ. పిలవలేదని వచ్చేది అలక. నలుగురిలో ఏదో అంటే చిన్నబుచ్చుకుంటాం. "నీకు ఉక్రోషంగా ఉందా, చిన్నతనంగా అనిపించిందా?" అని అడిగితే నాలుగేళ్ళ పిల్లలు కూడా కాసేపు ఆలోచించి సరైనది ఎంచుకుంటారు. మా బాబు ఒకసారి "కోపం కాదు, బెంగ" అని నన్ను సరిదిద్దాడు. నిజమే, బెంగే.

ఆడపిల్లని "నోరు మూసుకో" అనడం, మగపిల్లవాణ్ణి "మగపిల్లాడివి, ఏడుస్తావా" అనడం ఈ రోజుతో ఆపేయండి. ఏడవకూడదని నేర్చుకున్న పిల్లవాడు రేపు ఇంకొకరు ఏడుస్తుంటే ఏం చేయాలో తెలియక నవ్వుతాడు, లేదా కసురుకుంటాడు.

ఇంత చేసినా హద్దు మాత్రం కదలకూడదు. ఫోన్ ఇవ్వనన్నారు, ఏడ్చారు, ఇచ్చేశారు. దాంతో ఏడుపు పనిచేస్తుందని నేర్పినట్టయింది. "ఫోన్ కావాలని ఉంది నీకు, తెలుసు. ఈ రోజుకి అయిపోయింది. నేను నీ దగ్గరే కూర్చుంటాను." నెమ్మదిగా, ఎన్నిసార్లయినా అదే మాట. ఏడుపు ఆగాక నీళ్ళు తాగించి, దగ్గరికి తీసుకోండి. జరిగిన దాని గురించి మాట్లాడాలంటే ఆ రాత్రి పడుకునేటప్పుడు మాట్లాడండి.

నలుగురిలో అయితే మరీ కష్టం. మన చూపు పిల్లల మీద నుంచి చుట్టూ ఉన్నవాళ్ళ మీదికి వెళ్ళిపోతుంది. వాళ్ళేమనుకుంటారో అన్న టెన్షన్‌లో వాళ్ళకి వినబడేలా పిల్లల్ని తిడతాం. పిల్లని ఎత్తుకుని ఒక మూలకి వెళ్ళిపోండి. అక్కడ చూసేవాళ్ళు ఉండరు, మీరూ పిల్లా ఉంటారు.

మరి మనకే కోపం ఆగకపోతే? "నాకు చాలా కోపంగా ఉంది. రెండు నిమిషాలు పక్క గదిలో ఉండి వస్తాను" అని చెప్పి వెళ్ళండి. చెప్పినట్టే తిరిగి రండి. చిన్నపిల్లలైతే వాళ్ళు భద్రంగా ఉన్నారో లేదో చూసుకున్నాకే కదలండి. కోపం వచ్చినప్పుడు మనిషి ఏం చేయవచ్చో వాళ్ళు అక్కడే నేర్చుకుంటారు.

నాలుగో పని: కొట్టకుండా హద్దు పెట్టండి

గౌరవం అంటే గారాబం అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. 1960లలో డయానా బౌమ్‌రిండ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తల్లిదండ్రులు పిల్లలతో మెలిగే తీరును పరిశీలించి మూడు రకాలు చెప్పింది. చెప్పింది వినాల్సిందే అనేవాళ్ళు. ఏమన్నా సరేలే అనేవాళ్ళు. ప్రేమగా ఉంటూ, కారణం చెబుతూ, హద్దు దగ్గర గట్టిగా నిలబడేవాళ్ళు. మూడో రకం ఇళ్ళల్లో పెరిగిన పిల్లల్లోనే సొంతంగా నిలబడే గుణం, నలుగురితో కలిసే గుణం ఎక్కువ కనిపించాయి. వదిలేయడం వల్ల పిల్లలకి ధైర్యం రాదు. గోడ లేని మేడ మీద పిల్లలు ఆడుకోలేరు, నడుమ ఒకచోట ముడుచుకుని కూర్చుంటారు.

'మొక్కై వంగనిది మానై వంగునా' అని కొట్టడాన్ని సమర్థించుకుంటారు. మొక్కలు పెంచిన ఎవరినైనా అడగండి. మొక్కని వంచేది దెబ్బలు కొట్టి కాదు. పక్కన కర్ర పాతి, మెత్తని తాడుతో వదులుగా కడతారు. బిగించి కడితే తాడు కాండాన్ని కోసేస్తుంది.

దెబ్బల గురించి పరిశోధన చాలా జరిగింది. ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ 2016లో అయిదు దశాబ్దాల అధ్యయనాలను, సుమారు 1,60,000 మంది పిల్లల వివరాలను కలిపి చూశారు. పిర్ర మీద కొట్టే మామూలు దెబ్బలకి కూడా పిల్లల్లో దూకుడు, మానసిక ఇబ్బందులు ఎక్కువగా ఉండటంతో సంబంధం కనిపించింది. మంచి నడవడితో కనిపించలేదు. పిల్లల్ని కొట్టడాన్ని చట్టం ద్వారా నిషేధించిన మొదటి దేశం స్వీడన్, 1979లో. ఇప్పుడు చాలా దేశాలు ఆ దారిలో ఉన్నాయి. నేను చిన్నప్పుడు దెబ్బలు తిన్నాను, బాగానే ఉన్నాను అనేవాళ్ళకి నేను ఒక్కటే చెబుతాను: మీరు బాగున్నది మిమ్మల్ని ప్రేమించినవాళ్ళ వల్ల. దెబ్బల వల్ల అని నాకు అనిపించదు.

మరి ఏం చేయాలి? నియమాలు తక్కువ పెట్టుకోండి, నాలుగైదు చాలు. ముందే చెప్పండి. తప్పుకి తగ్గట్టే ఫలితం ఉండాలి. గోడ మీద గీస్తే గుడ్డ తెచ్చి మీరూ పక్కన కూర్చుని వాళ్ళచేత తుడిపించండి. గోడ మీద గీసినందుకు ఆదివారం బయటికి తీసుకెళ్ళనంటే ఆ రెండిటికీ సంబంధం ఏముంది? చేయలేని బెదిరింపులు అసలు వద్దు. "ఇక్కడే వదిలేసి వెళ్ళిపోతా" అనే మాట పిల్లలు నిజంగా నమ్ముతారు. నమ్మి వణికిపోతారు.

నియమాలు పెట్టేటప్పుడు వాళ్ళని కూడా కూర్చోబెట్టుకోండి. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం ఈ సంగతే చెబుతుంది: తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉంది, వయసును బట్టి దానికి విలువ ఇవ్వాలి. ఇంట్లో అది ఇలా ఉంటుంది. "పడుకునే టైమ్ మార్చాలనుకుంటే కారణం చెప్పు, వింటాను." కారణం బాగుంటే నిజంగా మార్చండి. బాగోకపోతే ఎందుకు మార్చడం లేదో చెప్పండి. పెద్దవాళ్ళ ముందు భయం లేకుండా మాట్లాడే అలవాటు ఇలాగే వస్తుంది. రేపు బడిలోనో ఆఫీసులోనో అన్యాయం జరిగితే నోరు విప్పేది ఈ పిల్లలే.

ఐదో పని: నిజమైన పని ఇవ్వండి

2006లో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ తొమాసెల్లో పద్దెనిమిది నెలల పిల్లల ముందు ఒక మనిషి చేత బట్టల క్లిప్ జారవిడిపించారు. ఆ మనిషి చెయ్యి చాపి అందుకోలేకపోతుంటే, ఎవరూ అడగకుండానే చాలామంది పిల్లలు దాన్ని తీసి ఇచ్చారు. సాయం చేయాలన్న కోరిక అంత చిన్న వయసులోనే ఉంటుంది. రెండేళ్ళ తర్వాత వాళ్ళే ఇంకో సంగతి చూపించారు. సాయం చేసినందుకు బొమ్మ బహుమతిగా అందుకున్న పిల్లలు, తర్వాత అందుకోనివాళ్ళకంటే తక్కువ సాయం చేశారు. అందుకే ఇంటి పనికి డబ్బులు, చాక్లెట్లు, స్టిక్కర్లు వద్దని నా మాట.

చిన్నపిల్లలు "నేను కూడా" అని వస్తే "నువ్వు వెళ్ళి ఆడుకో, పని పాడవుతుంది" అని పంపేస్తాం. పదేళ్ళు వచ్చాక రమ్మంటే రారు. వచ్చినప్పుడే పని అప్పగించండి. మూడేళ్ళకి చేతిరుమాళ్ళు మడతపెట్టడం, మొక్కలకి నీళ్ళు పోయడం. ఆరేళ్ళకి సొంత బ్యాగు సర్దుకోవడం. తొమ్మిదేళ్ళకి కౌంటర్ దగ్గర తనే మాట్లాడి డబ్బులు కట్టి చిల్లర లెక్క చూసుకోవడం. పన్నెండేళ్ళకి ఒక ప్రయాణం ప్లాన్ చేయడం, ఎన్నింటికి బయల్దేరాలో, ఏమేం పట్టుకెళ్ళాలో.

నేర్పేటప్పుడు వరస తప్పొద్దు. ఒకసారి మీరు చేస్తుంటే చూడనివ్వండి. తర్వాత కలిసి చేయండి. తర్వాత వాళ్ళు చేస్తుంటే మీరు చూడండి. ఆ తర్వాత గదిలోంచి వెళ్ళిపోండి. మడత వంకరగా ఉంటే వంకరగానే అలమారలో పెట్టండి. వాళ్ళు అటు వెళ్ళగానే మీరు మళ్ళీ మడతపెడుతుంటే చూశారనుకోండి, వాళ్ళు చేసిన పనికి విలువ లేదని మీరు నోటితో చెప్పక్కర్లేదు.

ఇంకొకటి. మీకు సాయం కావాలని పిల్లల్ని అడగండి. "ఈ బరువు నా ఒక్కదాని వల్ల కావట్లేదు, ఆ చివర పట్టుకుంటావా?" పనికొచ్చే మనిషినన్న నమ్మకం పిల్లలకి పొగడ్తలతో వచ్చేదానికంటే ఇలాంటి మాటలతో గట్టిగా వస్తుంది.

పొగడ్తల గురించి క్లుప్తంగా. 1998లో క్లాడియా ముల్లర్, కెరొల్ డ్వెక్ ఐదో తరగతి పిల్లలకి పజిల్స్ ఇచ్చి, కొందరిని "తెలివైనవాడివి" అని, కొందరిని "బాగా కష్టపడ్డావు" అని మెచ్చుకున్నారు. తర్వాత కష్టమైనవి ఇచ్చి ఓడిపోనిచ్చారు. తెలివైనవాళ్ళన్న పేరు తెచ్చుకున్న పిల్లలకే ఇంకా చేయాలన్న ఆసక్తి తగ్గింది, ఆ తర్వాత ఇచ్చిన పజిల్స్‌లోనూ తగ్గిపోయారు. తమ మార్కులు ఎక్కువ చేసి చెప్పుకున్నవాళ్ళు కూడా వాళ్ళలోనే ఎక్కువ. కాబట్టి సూపర్, జీనియస్ అనే బదులు చూసింది చెప్పండి: "మొదటిసారి రాలేదని ఇంకో దారి పట్టావు చూడు, అది నాకు నచ్చింది."

ఆరో పని: సారీ చెప్పించకుండా దయ నేర్పండి

ఎదుటివాళ్ళ మనసులో తన మనసులో ఉన్నదే ఉండదని, వేరే ఉండొచ్చని పిల్లలకి అర్థమయ్యేది నాలుగేళ్ళ ప్రాంతంలో. 1983లో హైన్జ్ విమ్మర్, జోసెఫ్ పెర్నర్ చేసిన ప్రయోగం తర్వాత ఈ సంగతి మీద ఎంతో పని జరిగింది. రెండేళ్ళ పిల్ల చేతిలోంచి బొమ్మ లాక్కుని "పంచుకోవాలి" అని వేరే పిల్లకిస్తే ఆ పిల్లకి అర్థమయ్యేది ఒక్కటే: బలమున్నవాళ్ళు లాక్కోవచ్చు. "నీ ఆట అయ్యాక తనకివ్వు, అప్పటిదాకా తను నా దగ్గర కూర్చుంటుంది" అనండి. ఎదురుచూసే పిల్లకి మీ ఒళ్ళో చోటివ్వండి.

కొట్టిన పిల్లవాణ్ణి మెడ పట్టి "సారీ చెప్పు" అంటే గబగబా చెప్పేసి పారిపోతాడు. దాని బదులు ముందు దెబ్బ తిన్న పిల్లని చూసుకోండి. తర్వాత కొట్టినవాణ్ణి దగ్గరికి పిలవండి. "తన మొహం చూడు. ఏమనిపిస్తోంది తనకి? ఇప్పుడు మనం ఏం చేస్తే తనకి కాస్త బాగుంటుంది?" నీళ్ళు తెచ్చివ్వడం, విరిగిన బొమ్మ అతికించడం, పక్కన కూర్చోవడం, ఏదో ఒకటి వాడే చెబుతాడు. చెప్పలేకపోతే మీరు రెండు దారులు చూపించి, వాడితో కలిసి వెళ్ళండి. సారీ ఆ తర్వాత దానంతటదే వస్తుంది, రాకపోయినా పని జరిగింది.

అన్నిటికీ తలూపే పిల్లని మంచిపిల్ల అంటాం. నాకు ఆ మాట భయంగా ఉంటుంది. దయ ఉన్న పిల్లకి వద్దు అనడం కూడా రావాలి. చుట్టాలు ముద్దు పెట్టమంటే ఇష్టం లేకపోతే వద్దనొచ్చని ముందే చెప్పండి. చెయ్యి ఊపినా పలకరింపే. చక్కిలిగింతలు పెట్టేటప్పుడు "ఆపు" అనగానే ఆపేయండి, వాళ్ళు నవ్వుతూ అన్నా సరే. తన ఒంటి మీద తన మాట చెల్లుతుందని ఇంట్లో తెలిసిన పిల్ల బయట ఎవరైనా హద్దు మీరితే పట్టుకోగలుగుతుంది, ఇంటికొచ్చి చెప్పగలుగుతుంది.

పిల్లల గుట్టు కూడా అంతే. పక్క తడిపిందని, మార్కులు తగ్గాయని, ఎవరంటేనో ఇష్టమని వాళ్ళ ఎదురుగానే నలుగురికీ చెప్పి నవ్వకండి. ఫోటో ఎవరికైనా పంపే ముందు "ఇది పంపనా?" అని అడగండి. అక్కనీ తమ్ముణ్ణీ పోల్చడం గురించి నేను వేరే చెప్పక్కర్లేదు, పోలిక బాధ తెలియనివాళ్ళు మనలో ఎవరున్నారు.

ఏడో పని: నోరు జారినప్పుడు

జారుతుంది. ఇవన్నీ రాస్తున్న నేను కూడా మొన్న అరిచాను. ఎడ్వర్డ్ ట్రోనిక్ 1970లలో చేసిన ప్రయోగంలో, పసిపిల్లతో ఆడుతున్న తల్లి ఉన్నట్టుండి రెండు మూడు నిమిషాలు మొహంలో ఏ భావమూ లేకుండా ఉండిపోతుంది. పసిపిల్ల నవ్వి చూస్తుంది, చేతులు చాపుతుంది, చివరికి మొహం తిప్పుకుని ఏడుస్తుంది. తల్లి మళ్ళీ మామూలుగా పలకరిస్తే నెమ్మదిగా దగ్గరికొస్తుంది. మామూలు రోజుల్లో కూడా తల్లీబిడ్డల మధ్య లయ ఎన్నోసార్లు తప్పుతుందని, మళ్ళీ కలుపుకోవడమే ముఖ్యమని ఆయన చెప్పాడు. నాకు ఎంతో ఊరటనిచ్చిన మాట అది.

క్షమాపణ ఎలా చెప్పాలంటే, చేసిన పని పేరు పెట్టి చెప్పండి, ఆపేయండి. "ఇందాక నీ మీద అరిచాను. నీకు భయం వేసింది. అలా అరవకూడదు, తప్పు నాది." తర్వాత "కానీ నువ్వు కూడా..." అని మొదలుపెట్టకండి. హోంవర్క్ గురించి మాట్లాడాల్సి ఉంటే ఇంకో గంట తర్వాత మాట్లాడండి.

తమ్ముణ్ణి కసిరిన ఆ సాయంత్రం మా పాపని తిట్టలేదు. తిట్టే అర్హత ఉందనిపించలేదు. పక్కన కూర్చుని "ఆ మాటలు నా దగ్గర నేర్చుకున్నావు కదా, నేను మానేస్తాను" అన్నాను. "మళ్ళీ అంటే?" అని అడిగింది. "అంటే నాకు చెప్పు, ఆగుతాను" అన్నాను. ఆ నెలలో నాలుగుసార్లు చెప్పింది. నాలుగుసార్లూ ఆగాను. ఒకసారి మాత్రం వాక్యం సగంలో ఆగడానికి చాలా కష్టపడాల్సి వచ్చింది.

పిల్లలు పెద్దవుతున్నప్పుడు

పదకొండు, పన్నెండేళ్ళు వచ్చాయంటే గది తలుపు తట్టి, రమ్మన్నాకే లోపలికి వెళ్ళండి. డైరీ చదవకండి. ఫోన్ మీద హద్దులుంటే చాటుగా చూడటం కాకుండా, ఏం చూస్తారో ముందే ఒప్పందం చేసుకోండి. వాళ్ళేదైనా చెబుతుంటే మొదట ఒక ప్రశ్న అడగండి: "సలహా కావాలా, వింటే చాలా?" చాలాసార్లు వింటే చాలంటారు.

ఒకటి మాత్రం జాగ్రత్త. వారాల తరబడి ఎవరితోనూ కలవకపోయినా, నిద్ర, తిండి బాగా మారిపోయినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా, ఒంటికి గాయాలు చేసుకుంటున్నా అది వయసులే అని వదిలేయొద్దు. పిల్లల డాక్టర్ దగ్గరికో, కౌన్సెలర్ దగ్గరికో వెంటనే తీసుకెళ్ళండి. చచ్చిపోతానన్న మాట వస్తే ఆ పూటే వెళ్ళాలి, ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకూడదు.

ఈ వయసు పిల్లలు ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే "ఏం లేదు" అంటారు. పక్కపక్కన నడుస్తున్నప్పుడు, బండి మీద వెళుతున్నప్పుడు, రాత్రి లైటు తీసేశాక మాట వస్తుంది. కాబట్టి పడుకునే ముందు పది నిమిషాలు ఫోన్ బయట వదిలేసి వాళ్ళ మంచం అంచున కూర్చోండి. ఏమీ అడక్కండి. ఒకటి రెండు రాత్రులు ఏమీ మాట్లాడకుండా పడుకుంటారు. మూడో రాత్రో నాలుగో రాత్రో చీకట్లో "నీకొకటి చెప్పనా?" అంటారు. అప్పుడు లైటు వేయకండి.